కర్టెన్లక్క ఇల్లు కొన్న వైనం

వీధిలో పెద్దా చిన్నా అందరూ ఆవిడను కర్టెన్లక్క అనేవారు. పెళ్ళికి ముందు చిన్నమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకుంది. "ఒంటికి కుట్టేవాళ్ళు సందుకొకరున్నారే, కిటికీలకి కుట్టేవాళ్ళే లేరు. ఆ పని పట్టుకో" అని చిన్నమ్మ చెప్పిన మాటే ఆవిడకు ఇన్నేళ్ళుగా అన్నం పెట్టింది.

కొత్త ఇళ్ళలోకి సామాన్ల లారీ వెళ్ళాక మొదట అడుగు పెట్టేది ఆవిడే. స్టూలెక్కి, టేపు పట్టుకుని కిటికీలు కొలుస్తుంటే, వెనక మొగుడూ పెళ్ళాలు గొంతు తగ్గించి వాదించుకునేవారు. కాసేపటికి ఇద్దరిలో ఒకరు దగ్గరికొచ్చి, "ఇప్పటికి హాలు వరకు చాలక్కా, పడగ్గదులకి తర్వాత చెప్తాం" అనేవారు. ఆ "తర్వాత" అనేది చాలా ఇళ్ళలో రానేలేదు. అంత పెట్టి ఇల్లు కొన్నవాళ్ళు నాలుగు గజాల గుడ్డ దగ్గర ఎందుకు నీళ్ళు నములుతారో ఆవిడకు అంతుబట్టేది కాదు. పిసినారి మనుషులని మనసులో అనుకుని, కొలతలు రాసుకుని వచ్చేసేది.

కర్టెన్లక్క కాపురం సైకిల్ షాపు పైన రెండు అద్దె గదుల్లో. ఆవిడ భర్త బేకరీలో మేస్త్రి. తెల్లవారుజామున ఊరంతా ముసుగుతన్ని పడుకున్నప్పుడు నడుచుకుంటూ పనికి వెళ్ళి, పదింటికల్లా ఒంటినిండా పిండితో ఇంటికొచ్చి నిద్రపోయేవాడు. ఆయన నిద్రపోయే గదీ, ఆవిడ మిషన్ ఉన్న గదీ ఒకటే. ఆయన కళ్ళు మూసుకుంటే మిషన్ ఆగాలి, మిషన్ తిరిగితే ఆయన కళ్ళు తెరవాలి. రెండో గదిలో అత్తగారూ, ఆరో తరగతి చదివే కూతురూ. పెద్ద పన్నా గుడ్డలు కత్తిరించాల్సి వచ్చినప్పుడు గుడ్డ ఆ గది నేలంతా పరుచుకునేది. అత్తగారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "అమ్మాయ్, నేనిప్పుడు కిందికి దిగొచ్చా, లేక ఎవరి హాలైనా తొక్కినట్టవుతుందా?" అని అడిగేది.

అద్దె పెంచుతానని ఇంటాయన కబురు పెట్టిన నెలలోనే మేస్త్రి ఎక్కడో ఒక ప్రకటన చూశాడు. ఊరికి దూరంగా కొత్త అపార్టుమెంట్లు, మూడు గదులు, ధర చూస్తే అందుబాటులోనే ఉన్నట్టు కనిపించింది. సెలవు రోజున నలుగురూ రెండు బస్సులు మారి వెళ్ళారు.

అక్కడ కట్టిన భవనం ఇంకా ఏమీ లేదు. నమూనాకని ఒక ఇల్లు మాత్రం సిద్ధం చేసి ఉంచారు. తెల్లటి గోడలు, చల్లటి గాలి, పళ్ళెంలో నిజమైనవిలా ఉన్న ప్లాస్టిక్ పళ్ళు. అమ్మకాల మేనేజరు మెడలో టై సర్దుకుంటూ, ఎంతో మర్యాదగా ఒక్కో గదీ చూపించాడు. అత్తగారు హాల్లో సోఫా మీద కూర్చుని, ఇక లేవనంది. కూతురు ఒక గది గుమ్మంలో నిలబడి, "ఇది నాదేనా నాన్నా?" అని అడిగింది. ఆ ఒక్క మాటకి మేస్త్రి కరిగి నీరైపోయాడు. సాయంత్రానికల్లా సంతకం పెట్టి, అడ్వాన్సు కట్టేశాడు. మర్నాడు బేకరీలో అందరికీ తన ఖర్చుతో బన్నులు పంచాడు. కొన్నాళ్ళపాటు ఆయన కాళ్ళు భూమ్మీద ఆనలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే రావడం మొదలైంది. ప్రకటనలో రాసిన ధర ఒట్టి ఇంటిది. రిజిస్ట్రేషన్ వేరు, పన్ను వేరు. పార్కింగు వేరు, బండి లేదంటే, లేకపోయినా తీసుకోవాలన్నారు. పై అంతస్తు కాబట్టి గాలీ వెలుతురూ ఎక్కువట, అందుకు కొంత. నీళ్ళ కనెక్షనుకి కొంత, కరెంటు మీటరుకి కొంత, నిర్వహణ కోసమని రెండేళ్ళ డబ్బు ముందే. అప్పిచ్చే బ్యాంకువాళ్ళు కాగితాలు చూడ్డానికి ఒక ఫీజూ, ఆ కాగితాలు సరిగ్గా ఉన్నాయని వకీలు చెప్పడానికి ఇంకో ఫీజూ అడిగారు. కబురు వచ్చినప్పుడల్లా మేస్త్రి "ఇది చిన్నదేలే" అనేవాడు. నిజానికి ఏదీ పెద్దది కాదు. అన్నీ కలిసి తడిసి మోపెడవుతున్నాయని మాత్రం ఇద్దరికీ తెలుస్తోంది. ఎవరూ పైకి అనడం లేదు.

సరిగ్గా అప్పుడే ఆవిడకు అదే కంపెనీ ఇంతకుముందు కట్టిన భవనం నుంచి పిలుపొచ్చింది. పిలిచింది బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ. ఆ ఇంట్లో చేరి ఏడాది దాటినా కిటికీలన్నింటికీ పాత దుప్పట్లే మేకులతో కొట్టి ఉన్నాయి. ఒకవైపు ఎండకు వాటి రంగు పూర్తిగా వెలిసిపోయింది.

"ఒక్క ఈ గదికి కుట్టక్కా, పొద్దున ఎండ నేరుగా బాబు మొహం మీద పడుతోంది" అంది టీచరమ్మ.

వేరే రోజైతే ఆవిడ కొలత తీసుకుని వచ్చేసేదే. ఆ రోజు స్టూలు దిగి, "ఏమీ అనుకోకపోతే ఒకటి అడగనా అమ్మా? మేమూ వీళ్ళ దగ్గరే కొంటున్నాం. మీకు మొత్తం ఎంతయింది?" అని అడిగేసింది.

టీచరమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పింది, ఎవరైనా అడిగితే బాగుండునని ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నట్టు. "వాళ్ళు చెప్పిన ధర వంద అనుకో. తాళాలు చేతికొచ్చేసరికి నూట ఇరవై. వచ్చి చూస్తే గోడలూ గచ్చూ తప్ప ఏమున్నాయి? అల్మరాలు, ఫ్యాన్లు, వంటగదిలో బండ, అదో పది. ఏడాదిలో ఇస్తామన్న ఇల్లు రెండున్నరేళ్ళకిచ్చారు. ఆ ఏడాదిన్నరా అక్కడ అద్దె, ఇక్కడ వాయిదా. వడ్డీ సంగతి నేను చెప్పను, చెప్తే ఇక్కడే కూలబడతావు. పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని అక్కా, నా ఇంటి లెక్కే తప్పాను."

"పోన్లెండమ్మా, సొంతిల్లు కదా."

"సొంతిల్లే. మావారు పొద్దున ఆరింటికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి వస్తారు. బాబు ఆయన్ని చూసేది ఆదివారం." టీచరమ్మ కిటికీకున్న దుప్పటి అంచు సర్దింది. "ఇల్లు బాగుంటుంది. నిజంగానే బాగుంటుంది. ముందే ఎవరైనా ఇదంతా చెప్పి ఉంటే కొనేవాళ్ళమేమో కూడా. కాకపోతే తెలిసి కొనేవాళ్ళం."

కర్టెన్లక్క బస్సెక్కి ఇంటికొస్తూ, "తర్వాత చెప్తాం" అన్న మొహాలన్నీ తలుచుకుంది. పిసినారులనుకున్న తన మనసుకి తనే చీవాట్లు పెట్టుకుంది.

ఇంటికొచ్చాక భర్త నిద్ర లేచేదాకా ఆగింది.

"ఏవండీ, అక్కడ మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కున్నారా?"

"ఎన్నింటికైతేనేం?"

"ఐదున్నరకట. మీరు మూడింటికి పిండి దగ్గరుండాలి."

"స్కూటర్ కొంటా."

"అది కూడా ఇంటి ధరలోకే వస్తుంది కదండీ. పెట్రోలూ వస్తుంది. నాకు పని ఇచ్చేవాళ్ళంతా ఇటే ఉన్నారు, ఆ బస్సు చార్జీలూ వస్తాయి."

మేస్త్రి మొహం మాడింది. "నీకిష్టం లేదని చెప్పు, ఒక్క ముక్కలో అయిపోతుంది. జన్మకొక్కసారి పిల్లకో గది ఇద్దామనుకుంటే చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నావు."

"ఆ ఇల్లొక్కటే పైసా ఖర్చు లేకుండా వచ్చేది" అంది పక్కగదిలోంచి అత్తగారు. ఇద్దరికీ నవ్వు రాబోయింది కానీ, నవ్వితే ఓడిపోయినట్టని బిగబట్టుకున్నారు. రెండు రోజులు మాటల్లేవు.

మూడో రోజు మేస్త్రి ఎవరికీ చెప్పకుండా బేకరీలో ఒకతని స్కూటర్ అరువు తీసుకుని, అర్ధరాత్రి దాటాక కొత్త ఇల్లు లేవబోయే చోటికి వెళ్ళాడు. అక్కడినుంచి తన వేళకి పనికి రావడం ఎలా ఉంటుందో చూద్దామని. దారంతా ఇసుక లారీలే. వంతెన దగ్గర ఒకటి అడ్డం తిరిగి, దారి మూసుకుపోయింది. ఆయన బేకరీ తలుపు తీసేసరికి ముందురోజు కలిపి పెట్టిన పిండి పొంగి, పులిసి, తొట్టి అంచులు దాటి నేల మీదికి జారుతోంది. ఆ పూట అరల్లో సగం ఖాళీ. యజమాని తనే చీపురు తెచ్చి నేల ఊడ్చాడు. పాతికేళ్ళలో మేస్త్రికి అంతటి సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "వదిలేద్దామే" అన్నాడు. ఆవిడ "నేను ముందే చెప్పాను" అనలేదు. తువ్వాలు అందించింది.

కట్టిన అడ్వాన్సులో నాలుగోవంతు తిరిగి రాదని మేనేజరు చెప్పాడు. ఆవిడ బతిమాలింది, గొడవ పెట్టుకుంది, మళ్ళీ బతిమాలింది. అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నా చేతుల్లో ఏమీ లేదు మేడమ్. నాకూ ఇల్లు లేదు, ముగ్గురం కలిసి ఒక గదిలో ఉంటాం. ఇక్కడ కొనగలిగేంత జీతం వీళ్ళు నాకివ్వరు" అన్నాడు. దాంతో ఆవిడకు అతని మీద కోపం కూడా మిగల్లేదు. పోయిన డబ్బు మేస్త్రిని చాలాకాలం పీడించింది. బేకరీలో ఎవరైనా "ఇల్లేమైంది మేస్త్రీ?" అంటే, "పొంగి కిందపడింది" అని తనే ముందు నవ్వేసేవాడు. ఇంటికొచ్చాక మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మరో ఏడాదికి, బేకరీకి నాలుగు వీధుల అవతల ఒక పాత భవనంలో మూడో అంతస్తు ఇల్లు అమ్మకానికి వచ్చింది. యజమాని గడియారాలు బాగుచేసే పెద్దాయన. భార్య పోయాక ఒంటరిగా ఉండలేక చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. చూడటానికి చాలామంది వచ్చారు, అందరూ లోపలి పడగ్గది చూసి వెనక్కి తగ్గారు. దాని కిటికీ భవనం మధ్యలో ఉన్న ఇరుకు గాలిసందులోకి తెరుచుకుంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా దీపం వేస్తేగాని చెయ్యి కనపడదు.

మేస్త్రి పని నుంచి నేరుగా వచ్చాడు. పెద్దాయన మొహమాటంగా ఆ గది తలుపు తీసి, "ఇదొక్కటే కాస్త చీకటి బాబూ" అన్నాడు. ఇల్లంతా చూసి కర్టెన్లక్క తిరిగొచ్చేసరికి మేస్త్రి ఆ గది నేల మీద నడుం వాల్చి గురకపెడుతున్నాడు.

పెద్దాయన కాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు. "ఇల్లు కొనడానికొచ్చి నిద్రపోయిన మనిషిని ఇప్పుడే చూస్తున్నానమ్మా" అన్నాడు. "లేపకు. పడుకోనీ."

ఆయన నిద్రపోతుండగానే ఆవిడ పని మొదలుపెట్టింది. వేసవిలో నీళ్ళెలా వస్తాయో పక్కింటివాళ్ళని అడిగింది. స్నానాల గది గొట్టాలు ఎప్పుడు వేసినవో పెద్దాయననే అడిగింది. కింది అంతస్తులో ఒక రిటైరైన నర్సమ్మ ఉంది. భవనం జమాఖర్చులన్నీ ఆవిడే చూస్తుంది. నర్సమ్మ కుర్చీ చూపించి, కళ్ళజోడు పెట్టుకుని, రోగికి ఉన్నదున్నట్టు చెప్పే పద్ధతిలోనే చెప్పింది. "పైకప్పుకి మొన్ననే పూత వేయించాం, భయం లేదు. నెలనెలా ఇంత కట్టాలి. ఎండాకాలం నీళ్ళ లారీకి ఇంకొంచెం. లిఫ్టు మాత్రం ఆఖరి రోజుల్లో ఉంది. ఏడాదిలో మార్చక తప్పదు, ఇంటికింత అని వేస్తాం. కొన్నాక వచ్చి నామీద అరవొద్దు."

"ముందే చెప్పారు కదమ్మా, ఎందుకరుస్తాను?" అంది కర్టెన్లక్క. కానీ ఆ అంకెను రెండుసార్లు అడిగి రాసుకుంది.

పైకి వెళ్ళి పెద్దాయనతో, "లిఫ్టు ఖర్చులో సగం మీరు ధరలో తగ్గించుకోవాలి పెదనాన్నగారూ" అంది.

ఆయనకు చిర్రెత్తింది. "నేనెక్కింది పాత లిఫ్టు. కొత్తది ఎక్కబోయేది మీరు. దానికి నేనెందుకివ్వాలి?"

"మీ మాటా న్యాయమే. కాకపోతే పాతదాని అరుగుదల మీది కదండీ."

అరుగుదల అనే మాట దగ్గర పెద్దాయన ఆగాడు. ఒక నవ్వు మెల్లగా మీసాల్లోంచి బయటికొచ్చింది. "నలభై ఏళ్ళు నేను జనాన్ని అరుగుదలకే డబ్బడిగి బతికాను. నన్నడిగినదానివి నువ్వే. సరే, కానీ."

సంతకాలకు ముందురోజు ఆవిడ భర్తనూ అత్తగారినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. ఇంటి ధర, దాని మీద ఇంకో ఐదోవంతు, అవిగాక నెలనెలా ఆగకుండా పోయేవి. అల్మరాలు ఇప్పుడు కుదరవు. మంచాలు పాతవే. రంగులు వచ్చే ఏడాది, లేదా ఆ పై ఏడాది. గొట్టాలు ఎప్పుడైనా మొండికేయొచ్చు, దానికి కొంత ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. ఆయనకి యాభై ఎనిమిదేళ్ళొచ్చేదాకా అప్పు ఉంటుంది.

మేస్త్రి నోరు వెళ్ళబెట్టాడు. "ఇంత నిజం చెప్తే లోకంలో ఎవరైనా ఇల్లు కొంటారటే?"

"కొందాం. ఇవన్నీ తెలిసే కొందాం."

"నా గదిలో సోఫా ఉంటుందా?" అంది అత్తగారు.

"ఉండదత్తయ్యా."

"మరి గుడ్డలు పరుస్తావా?"

"అదీ ఉండదు."

"అయితే చాలు."

అలా ఆ ఇంట్లో చేరారు. చీకటిగదిలో మేస్త్రి సాయంత్రం దాకా ఒళ్ళెరక్కుండా నిద్రపోతుంటే, వీధివైపు గదిలో మిషన్ తన పాటికి తాను తిరిగేది. రెండో నెలలోనే స్నానాల గది గొట్టం పగిలి నర్సమ్మ ఇంటి పైకప్పు తడిసింది. పక్కన పెట్టిన డబ్బు అటు పోయింది. లిఫ్టు మార్చిన రోజుల్లో అత్తగారు కిందికి దిగలేకపోతే, నర్సమ్మే ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి కబుర్లు చెప్పేది. ఏడాది తిరిగాక బ్యాంకుకి వెళ్ళి, కట్టినదాంట్లో అసలు ఎంత తగ్గిందో చూసుకుని మేస్త్రి ఉసూరుమన్నాడు. "ఏడాదంతా కట్టింది వడ్డీ నోట్లోకే పోయిందే" అన్నాడు. అది కూడా ఆవిడ ముందే చెప్పింది. చెవిన పడటం వేరు, చేత్తో కట్టడం వేరు అనిపించిందాయనకి. ఆవిడ పని పెంచుకుంది. కొత్త చెప్పులు కొనడం మానేసి, పాతవాటికే అడుగు వేయించుకుంది. ఇబ్బందిగానే ఉంది, కానీ అనుకున్న ఇబ్బందే. లెక్కలో రానిది ఏదీ లేదని ఆవిడకు లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒకరోజు ఒక ఇంట్లో స్టూలెక్కి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంచు సరిచేస్తుంటే ఆ ఇంటామె, "మీ ఒంట్లో ఇప్పుడెలా ఉందక్కా? మా అమ్మాయీ మీ అమ్మాయీ ఒకటే క్లాసు. బళ్ళో అందరినీ సముద్రం దగ్గరికి తీసుకెళ్ళారు కదా, మీకు బాలేదని మీ అమ్మాయి రాలేదట. పాపం, మావాళ్ళంతా అదే అనుకున్నారు" అంది.

ఆవిడ నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చింది. చివరిదాన్ని గుచ్చాక, "తగ్గిందమ్మా" అంది.

ఇంటికొచ్చేసరికి కూతురు తన గదిలో కింద కూర్చుని చదువుకుంటోంది. ఆవిడ పక్కన కూలబడింది.

"సముద్రం చూడాలని లేదా నీకు?"

పిల్లకి అర్థమైంది. పుస్తకం మూయలేదు. "వచ్చే ఏడు కూడా వెళ్తారు."

"నన్నడగొచ్చు కదే."

"అడిగితే నువ్వు కాదనవమ్మా. చూద్దాం అంటావు. చూద్దాం అన్నప్పుడు నీ మొహం ఒకలా అయిపోతుంది. అందుకని అడగడం మానేశా."

"ఎప్పట్నుంచి?"

"ఇంట్లోకొచ్చినప్పట్నుంచి."

కొనేముందు కర్టెన్లక్క పన్ను, ఫీజు, లిఫ్టు, గొట్టం అన్నీ లెక్కేసింది. పిల్ల నోరు మూసుకోవడం కూడా ఈ ఇంటి ధరలోకే వస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, తనకి తట్టనూ లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్ల చూడకుండా తుడుచుకుందామనుకుంది కానీ, పిల్ల చూడనే చూసింది.

"ఇదుగో విను" అంది ఆవిడ. "ఇకనుంచి చూద్దాం అనే మాట ఈ ఇంట్లో లేదు. నువ్వు అడుగు. ఇవ్వగలిగితే ఇస్తాను, లేకపోతే లేదని మొహం మీదే చెప్తాను. నువ్వు ఏడుస్తావో, తలుపు దబాల్న వేస్తావో నీ ఇష్టం. అడగడం మాత్రం మానకు."

"నిజంగా?"

"నిజంగా. ఇప్పుడే అడుగు. ఏం కావాలి?"

పిల్ల పెన్ను కొరుకుతూ చాలాసేపు ఆలోచించింది. "డ్రమ్స్ నేర్చుకుంటా."

చీకటిగదిలోంచి మేస్త్రి గురక సన్నగా వినిపిస్తోంది.

"లేదు" అంది కర్టెన్లక్క.

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత పిల్ల ఫక్కున నవ్వింది. ఆవిడా పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. హాల్లోంచి అత్తగారు, "ఏంటే అంత నవ్వు? నాకూ చెప్పండి" అని కేకేసింది.

"సరే, అయితే గిటారు" అంది పిల్ల, నవ్వు ఆపుకుంటూ. "పాతదైనా పర్లేదు. నాన్న లేచాకే వాయిస్తా."

"పాతది ఎంతకొస్తుందో ముందు కనుక్కుని రా" అంది కర్టెన్లక్క. "తీగలు, సంచీ, నేర్పే ఆయన ఫీజు, అన్నీ కలిపి."